ఎవరి సలహా ఎవరికి? ఉద్యోగ జీవితంపై నూరేళ్ల చర్చ

డిగ్రీ పట్టా చేతికొచ్చిన పిల్లలకు మన ఇళ్లలో సలహాల కరువు ఉండదు. గ్రూప్స్‌కు కూర్చోమని మేనమామ చెబుతాడు. అమీర్‌పేటలో గది తీసుకుని ఏదో ఒక కోర్సు పూర్తి చేయమని సీనియర్లు అంటారు. ఎమ్మెస్‌కు వచ్చేయమని అమెరికా నుంచి సెలవులకొచ్చిన పిన్ని కొడుకు ఉత్సాహపరుస్తాడు. కాలేజీ వార్షికోత్సవానికి వచ్చిన ముఖ్య అతిథి మనసుకు నచ్చిన పనే చేయమంటారు. ఈ నాలుగూ ఒకదానితో ఒకటి పొసగవు. అయినా ఏ ఒక్కరూ అబద్ధం చెప్పడం లేదు. ఎవరి సలహా వారి జీవితంలో ఫలించిందే. చిక్కంతా అక్కడే ఉంది.

ఉద్యోగ జీవితాన్ని ఎలా కట్టుకోవాలి, అందులో ఎలా ఎదగాలి అన్న ప్రశ్నపై ప్రపంచంలో నూరేళ్లకు పైగా చర్చ నడుస్తోంది. సిద్ధాంతాలు వచ్చాయి, పరీక్షలు వచ్చాయి, లక్షల ప్రతులు అమ్ముడైన పుస్తకాలు వచ్చాయి. వాటిని తెలుగు నేల మీది అనుభవంతో కలిపి చదివితే ఒక సంగతి తేటపడుతుంది. ప్రతి సలహా వెనుకా ఒక కాలం, ఒక రకం ఉద్యోగ మార్కెట్, ఒక రకం ఇల్లు ఉన్నాయి. పెద్దల మాట చద్దిమూట అన్నారు. ఆ మూట ఏ ప్రయాణానికి కట్టిందో కూడా చూసుకోవాలి.

బోస్టన్‌లో మొదలైన లెక్క

వృత్తి సలహా అనే విద్యకు ఆద్యుడిగా ఫ్రాంక్ పార్సన్స్‌ను చెబుతారు. 1908లో ఆయన బోస్టన్‌లో వృత్తి సలహా కార్యాలయం తెరిచారు. వలస కుటుంబాల పిల్లలు ఫ్యాక్టరీల్లో, దుకాణాల్లో ఏ పని దొరికితే ఆ పనిలో చేరిపోతున్న రోజులవి. అదే ఏడాది ఆయన కన్నుమూశారు. ఆయన పుస్తకం ‘చూజింగ్ ఎ వొకేషన్’ 1909లో వెలువడింది. ఆయన చెప్పినవి మూడు మెట్లు: నీ శక్తులూ పరిమితులూ తెలుసుకో, ఏ పని ఏం కోరుతుందో ఏమిస్తుందో తెలుసుకో, ఈ రెండింటినీ ఆలోచించి జతపరుచు. 1959లో జాన్ హాలండ్ మనుషులనూ ఉద్యోగాలనూ ఆరు రకాలుగా విడదీసి ఈ జతకు ఒక చట్రం ఇచ్చారు. నేడు స్కూళ్లలో పెట్టే అభిరుచి పరీక్షల్లో చాలా వాటికి మూలం అదే.

ఈ జత ఒక్కసారితో కుదిరేది కాదని 1950లలోనే డొనాల్డ్ సూపర్ వాదించారు. మనిషి తన గురించి తాను అనుకునేది వయసుతోపాటు మారుతుంది కాబట్టి ఉద్యోగ జీవితం కూడా దశలుగా సాగుతుందని ఆయన మాట. 1999లో జాన్ క్రంబోల్ట్జ్, ఆయన సహచరులు ఇంకో అడుగు ముందుకేశారు. జీవితంలో పెద్ద మలుపులు చాలావరకు అనుకోకుండా వస్తాయని, అవి తారసపడేలా మెలగడం, వచ్చినప్పుడు గుర్తుపట్టడం నేర్పాలని వారు చెప్పారు. నూరేళ్లలో సలహా ‘సరైనది ఎంచుకో’ నుంచి ‘ఎంచుకుంటూనే ఉండు’ దాకా వచ్చింది.

మన దేశంలో దారి వేరు. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక ఇంటికి తిరిగొచ్చిన సైనికులకు పని చూపడానికి 1945లో ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజీలు పెట్టారు. 1956లో వాటి రోజువారీ నిర్వహణ రాష్ట్రాలకు వచ్చింది. ఖాళీలను తప్పనిసరిగా వాటికి తెలియజేయాలన్న చట్టం 1959లో చేశారు. ఒక తరం తెలుగు యువత పేరు నమోదు చేసుకుని, కార్డు రెన్యువల్ చేయించుకుంటూ ఇంటర్వ్యూ కార్డు కోసం ఎదురుచూసింది. ఆ కాలంలో ఉద్యోగం వెతుక్కునేది కాదు, వంతు వస్తే దక్కేది. 1996లో సుప్రీంకోర్టు ఎక్స్ఛేంజీ పంపిన పేర్లతో సరిపెట్టకూడదని, పత్రికల్లో ప్రకటన ఇచ్చి అర్హులందరినీ పరిగణించాలని తీర్పు చెప్పింది. ఆ కేసు వెళ్లింది మన కృష్ణా జిల్లా ఎక్సైజ్ శాఖ నుంచే. రెండేళ్లకు, 1998 నవంబరులో, హైదరాబాద్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమైంది. వరుసలో నిలబడితే చాలనుకున్న తండ్రులకు, తనను తాను అమ్ముకోవలసిన మార్కెట్లో పడ్డ పిల్లలకు మధ్య మాట కలవకపోవడం అప్పటి నుంచే మొదలైంది.

ఆసక్తి ముందా, నైపుణ్యం ముందా

నేటి వాదాల్లో అన్నిటికన్నా గట్టిగా వినిపించేది ఇదే. మనసుకు నచ్చిన పనిని వెతుక్కోమనే వర్గానికి రిచర్డ్ బోల్స్ 1970లో సొంతంగా అచ్చువేసుకున్న ‘వాట్ కలర్ ఈజ్ యువర్ పారాచూట్?’ చాలాకాలం చేతిపుస్తకంగా ఉంది. 2005లో స్టాన్‌ఫర్డ్ పట్టాల పండుగలో స్టీవ్ జాబ్స్ చేసిన ప్రసంగం ఈ మాటను ఇంటింటికీ చేర్చింది. దీనికి ఎదురు నిలిచినవారిలో ప్రముఖుడు కాల్ న్యూపోర్ట్. 2012లో వచ్చిన ఆయన పుస్తకం వాదన ఇది: అరుదైన, విలువైన నైపుణ్యం ముందు సంపాదించు, ఇష్టం దాని వెంట వస్తుంది.

పరిశోధనలు ఈ తగాదాను పూర్తిగా తీర్చలేదు కానీ దాని అంచులను మెత్తబరిచాయి. 1997లో ఏమీ జెస్నీవ్‌స్కీ బృందం మనుషులు తమ పనిని మూడు రకాలుగా చూస్తారని తేల్చింది. కొందరికి అది జీతం, కొందరికి ఎదుగుదల, కొందరికి జీవితార్థం. ఒకే కొలువులో ఉన్నవారు కూడా ఈ మూడుగా విడిపోయారు. అంటే అర్థం ఉద్యోగంలోనే ఉండదు, చేసేవారు దాన్ని ఎలా పట్టుకున్నారన్న దానిలోనూ ఉంటుంది. 2018లో పాల్ ఓకీఫ్, కరోల్ డ్వెక్, గ్రెగరీ వాల్టన్ చేసిన అధ్యయనాలు మరో కోణం చూపాయి. ఆసక్తి ముందే మనలో తయారుగా ఉంటుందని, దాన్ని కనుక్కుంటే చాలని నమ్మేవారు కష్టం ఎదురవగానే దాన్ని వదిలేసే అవకాశం ఎక్కువ. ఆసక్తి పెంచుకునేదని నమ్మేవారు నిలబడతారు.

ఈ చర్చ తెలుగు ఇళ్లకు వచ్చేసరికి ఒక పెద్ద లోటు బయటపడుతుంది. మన దగ్గర అసలు నిర్ణయం పదో తరగతి ఫలితాలొచ్చిన వారంలోనే జరిగిపోతుంది. ఎంపీసీనా, బైపీసీనా, సీఈసీనా అన్నది పదిహేనేళ్ల వయసులో తేలిపోతుంది. ఆ తర్వాత రెండేళ్లు కార్పొరేట్ కాలేజీ, హాస్టల్, వారాంతపు పరీక్షలు. ఇష్టాన్ని పరీక్షించుకునే తీరికే లేదు. ఓఫర్ మలముద్ అనే ఆర్థికవేత్త ఇంగ్లండ్, స్కాట్లాండ్ పట్టభద్రులను పోల్చి చూశారు. విశ్వవిద్యాలయంలో చేరే ముందే సబ్జెక్టు ఖాయం చేసుకునే ఇంగ్లండ్ విద్యార్థులు, కొంతకాలం పలు సబ్జెక్టులు చదివాక ఎంచుకునే స్కాట్లాండ్ విద్యార్థుల కన్నా ఎక్కువగా చదువుతో సంబంధం లేని ఉద్యోగాల్లోకి మారిపోయారు. సివిల్, మెకానికల్ చదివి సాఫ్ట్‌వేర్‌లో కూర్చున్న మన వేలాది ఇంజినీర్లను చూసినవారికి ఇది కొత్త సంగతిలా అనిపించదు. పదిహేనేళ్ల పిల్లకు చాయిస్ ఇవ్వకుండా, ఇరవై రెండేళ్లకు మనసు మాట వినమనడం అన్యాయం అన్నది ఈ వ్యాసకర్త అభిప్రాయం.

ప్రభుత్వ కొలువు: ఎదురుచూపుల ఖరీదు

స్థిరత్వమే ప్రధానమనే వర్గాన్ని పాతకాలపు ఆలోచన అని కొట్టిపారేయడం నగరాల్లో అలవాటైంది. అది పొరపాటు. పింఛను, సెలవులు, ఊరిలో గౌరవం, రిజర్వేషన్ల వల్ల దక్కే న్యాయమైన ప్రవేశం, పెళ్లి సంబంధాల్లో విలువ, ఇవన్నీ లెక్కలోకి వచ్చే లాభాలే. ప్రైవేటు మార్కెట్లో పేరు చూసి, ఇంటిపేరు అడిగి తలుపు వేసే చోట్లు ఉన్నప్పుడు, మార్కులతో తేలే పరీక్ష చాలా కుటుంబాలకు ఒక్కటే తెరిచిన ద్వారం. సుఖ్‌దేవ్ థోరట్, పాల్ అటివెల్ 2007లో ప్రచురించిన అధ్యయనం దీనికి ఆధారం. ఒకే అర్హతలతో దరఖాస్తులు పంపినా దళిత, ముస్లిం పేర్లున్న వాటికి ప్రైవేటు సంస్థల నుంచి పిలుపులు తక్కువగా వచ్చాయి.

కాబట్టి ప్రశ్న ప్రభుత్వ ఉద్యోగం మంచిదా కాదా అన్నది కాదు. ఎంతకాలం ఆగాలి అన్నది. తెలంగాణ ఏర్పడ్డాక మొదటి గ్రూప్-1 నోటిఫికేషన్ 2022 ఏప్రిల్‌లో, 503 పోస్టులకు వచ్చింది. ఆ అక్టోబరులో జరిగిన ప్రిలిమ్స్ పేపర్ లీకేజీతో రద్దయింది. 2023 జూన్‌లో మళ్లీ పెట్టిన ప్రిలిమ్స్‌ను హైకోర్టు రద్దు చేసింది. 2024 ఫిబ్రవరిలో 563 పోస్టులతో కొత్త నోటిఫికేషన్ వెలువడింది. ఎంపికైనవారికి నియామక పత్రాలు అందింది 2025 సెప్టెంబరులో. ఆంధ్రప్రదేశ్‌లో 2018 నాటి గ్రూప్-1 మెయిన్స్ వివాదం 2024లో కూడా హైకోర్టులో ఉంది. అశోక్‌నగర్ గదుల్లో, చిక్కడపల్లి గ్రంథాలయంలో, అవనిగడ్డ డీఎస్సీ శిక్షణ కేంద్రాల్లో గడిచిన ఆ ఏళ్లు ఎవరూ తిరిగి ఇవ్వరు.

ఈ ఎదురుచూపును ఆర్థికవేత్త కునాల్ మంగళ్ తమిళనాడులో అధ్యయనం చేశారు. అక్కడ 2001 నుంచి 2006 వరకు ప్రభుత్వం నియామకాలను చాలావరకు ఆపేసింది. ఉద్యోగాలు లేవని తెలిశాక యువకులు వేరే దారి పట్టాలి కదా. అలా జరగలేదు. పట్టభద్రులైన మగపిల్లలు మరింత కాలం పని లేకుండా చదువుతూనే ఉండిపోయారు. దాని దెబ్బ తర్వాతి సంపాదన మీద కూడా కనిపించింది. పట్టుదలనూ ఆశనూ విడదీసే గీత లోపలి నుంచి కనిపించదనడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ అక్కరలేదు. అందుకే ప్రయత్నాల సంఖ్యను, వయసును, ఖర్చును మొదటి పుస్తకం కొనకముందే ఇంట్లో అందరి ఎదుట నిర్ణయించుకోమన్న సలహా మిగిలిన వాటికన్నా బరువైనది. పక్కన చిన్నదైనా ఒక పని, లేదా పరీక్ష పోయినా పనికొచ్చే ఒక నైపుణ్యం ఉండాలన్నది దాని రెండో సగం.

మారాలా, నిలవాలా

కంపెనీకి విధేయత చూపితే కంపెనీ చూసుకుంటుందన్న ఒప్పందం పడమటి దేశాల్లో 1970ల నుంచి సడలింది. డగ్లస్ హాల్ 1976లోనే సొంత విలువల ప్రకారం మలుచుకునే ఉద్యోగ జీవితం గురించి రాశారు. మైకేల్ ఆర్థర్, డెనిస్ రూసో 1996లో సంస్థల సరిహద్దులు దాటి సాగే కెరీర్ అనే భావనను స్థిరపరిచారు. మన ఐటీ కారిడార్‌లో దీని సారం రెండు ముక్కల్లో చెబుతారు: రెండేళ్లకోసారి మారు, హైక్ తీసుకో.

దీనికి ఎదురు ఉదాహరణలూ మన హైదరాబాద్ నుంచే ఉన్నాయి. సత్య నాదెళ్ల 1992లో మైక్రోసాఫ్ట్‌లో చేరి 2014లో దాని సీఈవో అయ్యారు. శంతను నారాయణ్ 1998లో అడోబీలో చేరి 2007 చివర్లో సీఈవో పదవి చేపట్టారు. ఈ పేర్లను విధేయతకు సాక్ష్యంగా చూపడం పరిపాటి. జాగ్రత్తగా చూస్తే వారు సంస్థను మార్చకపోయినా సంస్థ లోపల పనిని పదే పదే మార్చారు. నాదెళ్ల వ్యాపార అప్లికేషన్ల నుంచి సెర్చ్‌కు, అక్కడి నుంచి క్లౌడ్‌కు వెళ్లారు. వాదం నిజానికి సంస్థ గురించి కాదు, నేర్చుకునేది ఆగిపోయిందా లేదా అన్నది. జీతం పెరిగి పని అదే ఉంటే ఆ మార్పు ఆరు నెలల్లో పాతబడుతుంది. పని పెరిగి జీతం ఆలస్యమైతే అది మూడేళ్లకు చేతికొస్తుంది. అయితే ఇంటి అప్పు, చెల్లి పెళ్లి నెత్తిమీద ఉన్నవారికి మూడేళ్లు ఆగే వీలుండదు. వారు హైక్ కోసం మారితే దాన్ని తొందరపాటు అనకూడదు.

కోర్సుల సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. అమీర్‌పేటలోని మైత్రీవనం చుట్టూ బోర్డులు కాలానికొకటి మారాయి: మెయిన్‌ఫ్రేమ్, జావా, శాప్, టెస్టింగ్, హడూప్, డెవాప్స్, డేటా సైన్స్, ఇప్పుడు జెన్ ఏఐ. ఊరి నుంచి వచ్చిన లక్షల మందికి తక్కువ ఫీజుతో తలుపు తెరిచిన ఘనత అమీర్‌పేటది. అక్కడే లేని అనుభవాన్ని ఉన్నట్టు చూపే సర్టిఫికెట్ల బేరం కూడా పుట్టింది. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో అది బయటపడితే ఉద్యోగంతోపాటు తర్వాతి తలుపులూ మూసుకుంటాయి. ఈ ఒక్క విషయంలో ఏ వర్గానికీ భిన్నాభిప్రాయం లేదు, ఉండకూడదు.

పరిచయాల బలం, పరిచయాలు లేనివారి లోటు

ఉద్యోగాలు ఎలా దొరుకుతాయన్న ప్రశ్నకు మార్క్ గ్రనోవెటర్ 1973లో ఇచ్చిన జవాబు ఇప్పటికీ నిలిచి ఉంది. అమెరికాలోని న్యూటన్ పట్టణంలో పరిచయస్తుల ద్వారా ఉద్యోగం పొందినవారిని ఆయన అడిగారు. ఆ పరిచయస్తుడిని తరచూ కలిసేవారమన్నది 16.7 శాతమే. అప్పుడప్పుడు అన్నవారు 55.6 శాతం, అరుదుగా అన్నవారు 27.8 శాతం. దగ్గరివారికి మనకు తెలిసినవే తెలుస్తాయి, దూరపువారు కొత్త కబురు తెస్తారు. 2022లో ‘సైన్స్’ పత్రికలో వచ్చిన లింక్డిన్ ప్రయోగం 2 కోట్ల మంది ఖాతాలపై దీన్ని పరీక్షించి, ఒక సవరణ చేసింది. మరీ బలహీన పరిచయం కన్నా ఓ మోస్తరు బలహీన పరిచయం ఎక్కువ మేలు చేస్తుంది. అదీ డిజిటల్ రంగాల్లో మాత్రమే. తక్కిన రంగాల్లో గట్టి బంధాలకే బలం ఎక్కువ.

మన దగ్గర దీని ఆచరణ రూపం రిఫరల్. అదే సీనియర్, అదే కాలేజీ, అదే ఊరు, అదే కులం. అందుకే పరిచయాలు పెంచుకోమనే సలహా అందరికీ ఒకేలా అందదు. ఇంట్లో మొదటిసారి డిగ్రీ చదివిన అమ్మాయికి ఆ మాట మెట్లు లేని మేడను చూపించినట్టుంటుంది. ఆమెకు ఉపయోగపడే రూపం ఇది: చేసిన పనిని నలుగురూ చూసేచోట పెట్టడం, పాత తరగతి వాట్సాప్ గ్రూపులో నోరు విప్పడం, ఎవరినైనా ఉద్యోగం అడిగే ముందు పది నిమిషాలు వారి పని గురించి అడగడం.

ఆడవారి విషయంలో ఇంకో తేడా ఉంది. హెర్మీనియా ఇబర్రా, నాన్సీ కార్టర్, క్రిస్టీన్ సిల్వా 2010లో రాసిన వ్యాసం సారం ఇది: మహిళలకు సలహా చెప్పేవారు దొరుకుతున్నారు, ప్రమోషన్ల గదిలో వారి పేరెత్తేవారు దొరకడం లేదు. 2023లో నోబెల్ అందుకున్న క్లాడియా గోల్డిన్ అసలు చిక్కు పనివేళల్లోనే ఉందంటారు. ఎప్పుడు పిలిస్తే అప్పుడు పలికేవారికి అధిక ప్రతిఫలమిచ్చే ఉద్యోగాల్లో, ఇంటి బాధ్యత మోసేవారు వెనకబడతారు. మన దేశంలో 2017 సవరణతో ప్రసూతి సెలవు 26 వారాలైంది. సెలవు తర్వాత తిరిగొచ్చే తోవ గురించి చట్టం చెప్పేది తక్కువ. ధైర్యంగా అడుగు, ముందుకు దూకు అని ఆమెకే చెప్పడం సగం సలహా. మిగతా సగం ఆమె మేనేజరుకూ, భర్తకూ చెప్పాల్సి ఉంది.

పక్కపక్కన పెట్టి చూస్తే

ఈ వర్గాలను కలిపి చూస్తే ఒక్కొక్కటి ఒక్కో పరిస్థితికి తగినది. ఆసక్తి వర్గం మాట వెనుక ఖర్చు భరించే ఇల్లు ఉన్నవారికి త్వరగా ఫలిస్తుంది. నైపుణ్య వర్గం మాట ఎక్కువమందికి పనికొస్తుంది, కానీ ఏ నైపుణ్యానికి రేపు విలువ ఉంటుందో అది చెప్పలేదు. స్థిరత్వ వర్గం నష్టాన్ని తగ్గిస్తుంది, కాలాన్ని తింటుంది. మార్పు వర్గం మార్కెట్ పెరుగుతున్న ఏళ్లలో గెలుస్తుంది, నియామకాలు ఆగిన ఏడాది బెంచి మీద కూర్చోబెడుతుంది. పరిచయాల వర్గం చెప్పేది నిజం, పంచేది అసమానం. సలహా తప్పితే కోలుకోవడానికి ఎంత పడుతుంది, ఆ ఖర్చు ఎవరు పెడతారు అన్న కొలబద్ద ఈ వర్గాల్లో ఒక్కటీ నేరుగా ఇవ్వదు. ఈ వ్యాసం దృష్టిలో అన్నిటికన్నా ముందు అడగవలసింది అదే. ఎకరం అమ్మి ఎమ్మెస్‌కు పంపిన తండ్రికీ, జీతంలో మిగిలిన సొమ్ముతో పంపిన తండ్రికీ ఒకే సలహా వర్తించదు.

తేలనివి

అమెరికా దారి ఇప్పుడు అన్నిటికన్నా అస్పష్టం. హెచ్-1బి వీసాలు ఏటా 65,000, అక్కడి మాస్టర్స్ చదివినవారికి మరో 20,000. కోరేవారు అంతకన్నా ఎక్కువ కావడంతో లాటరీ. 2025 సెప్టెంబరులో కొత్త దరఖాస్తులపై లక్ష డాలర్ల రుసుము ప్రకటించారు. ఏ దేశానికీ ఉద్యోగ ఆధారిత గ్రీన్ కార్డుల్లో 7 శాతానికి మించి దక్కకూడదన్న నియమం వల్ల భారతీయుల వరుస ఏళ్ల తరబడి కదలదు. పదేళ్ల క్రితం వెళ్లి స్థిరపడ్డ పిన్ని కొడుకు మాట అప్పటి లెక్క ప్రకారం సరైనదే. నేటి లెక్క వేరు.

కృత్రిమ మేధ రెండో చిక్కు. ఇంతకాలం ఫ్రెషర్లకు నేర్పుతూ చేయించిన కోడింగ్, టెస్టింగ్, సపోర్ట్ పనులే అది ముందుగా అందుకుంటోంది. మొదటి మెట్టు కరిగితే పై మెట్లకు మనుషులు ఎక్కడి నుంచి వస్తారు? ఒకే విద్యలో లోతుకు దిగమనే వారికీ, పలు విద్యలు రుచి చూడమనే వారికీ మధ్య 1993 నాటి ఆండర్స్ ఎరిక్సన్ పరిశోధన నుంచి 2019లో డేవిడ్ ఎప్‌స్టైన్ రాసిన ‘రేంజ్’ దాకా సాగిన వాదం కూడా ఇందువల్లే మళ్లీ తెరుచుకుంది. దానికి జవాబు ఇంకా ఎవరి దగ్గరా లేదు. ఉన్నట్టు చెప్పి ఫీజు అడిగేవారి దగ్గర జాగ్రత్త అవసరం.

కాబట్టి విన్నపం పిల్లలకన్నా ముందు పెద్దలకు. ఇంటికొచ్చి కాళ్లకు దండం పెట్టిన అబ్బాయికో అమ్మాయికో దారి చెప్పేటప్పుడు మరో మూడు మాటలు కూడా చెప్పండి: మీకు ఏ ఏడాది ఉద్యోగం వచ్చింది, అప్పుడు మీ ఇంటి ఖర్చు ఎవరు చూసుకున్నారు, ఆ మొదటి కబురు మీకు ఎవరు చేరవేశారు.